బండలు పరిచిన చోటు

ఎండకు కాగిన నాపబండ మీద చెంబెడు నీళ్లు పోస్తే ఒక వాసన లేస్తుంది. కొంచెం ఇనుము వాసన, కొంచెం సున్నం వాసన, ముక్కు వెనక దాకా పోయి కూర్చుంటుంది. ముప్పై ఏళ్లుగా బండలు పరుస్తున్నదాన్ని, ఆ వాసన నాకు కొత్తేమీ కాదు. పోయిన నెల మా ఊరి పెద్దాయన మనవడు పిలిపించాడు, వాకిట్లో పాత బండలు తీసేసి టైల్స్ వేయాలట. తీసే ముందు పాత వాటం ఎట్లా ఉందో చూద్దామని నీళ్లు పోశాను. నీళ్లన్నీ బుద్ధిగా గేటు వైపు పారిపోయాయి. మెట్ల పక్కన ఒక్క బండ మీద మాత్రం దోసెడు నీళ్లు కదలకుండా నిలబడ్డాయి. ఆ బండ సంగతి నాకు తెలుసు. చెప్పగా విన్నదే గానీ కళ్లతో చూడటం అదే మొదలు. అక్కడే గొంతుక్కూర్చున్నాను. మేస్త్రమ్మకు ఎండ దెబ్బ తగిలిందనుకుని ఎవరో గ్లాసుతో మజ్జిగ తెచ్చిచ్చారు.

ఆ బండ పరిచింది సామేలు మేస్త్రి. మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందులలో పాత ఇళ్లలోకి ఎప్పుడన్నా పోయి ఉంటే మాత్రం ఆయన పని మీద కాలు పెట్టే ఉంటారు. బక్కపలచని మనిషి. కాడి మోసిన ఎద్దు మెడ కాయ కాసినట్టు మోకాళ్లు రెండూ కాయలు కాసి ఉండేవి. తన పేటలోని చర్చిలో ఉపదేశి, అంటే పాస్టరు అయ్యగారు రాని ఆదివారం వాక్యం చదివి ప్రార్థన చేయించే మనిషి. ఆదివారం తాపీ ముట్టడు. మిగిలిన ఆరు రోజులూ నోరు మెదపడు. పది మందిలో ఉన్నా ఆయన ఉన్నాడని కొయ్య సుత్తి చప్పుడును బట్టి తెలుసుకోవాల్సిందే. వాటం చూసే రసమట్టాన్ని తువ్వాలలో చుట్టి సంచిలో భద్రంగా పెట్టుకునేవాడు. దానితో చూశాక కూడా చెంబుతో నీళ్లు పోసి, అవి పోయే దారి చూస్తూ కూర్చునేవాడు. నాకు నేర్పిన మొదటి పాఠం కూడా అదే. "మట్టం జూసినంక గూడా నీళ్లు పొయ్యి పాపా. నీళ్లకు ఎవురి మొగమాటమూ ల్యా" అన్నాడు. ఆ మాట అన్న మనిషికి ఎంత మొగమాటం, ఎంత భయం ఉండేవో నాకు తర్వాత గానీ తెలియలేదు.

నేను చదివింది పదో తరగతే. ఇది రాయమని నా ప్రాణం తోడేసింది ప్రొద్దుటూరులో టీచరుగా ఉన్న నా కూతురు. తప్పులు దిద్దే పని కూడా దానిదే. ఆ కాలం చూడనివాళ్ల కోసం కొంచెం వెనక్కి పోయి చెప్తాను. మా వైపు ఊళ్లలో అప్పుడు ప్రతి ఊరూ రెండుగా చీలి ఉండేది. జెండాలు మారేవి, పార్టీలు మారేవి, ఆ చీలిక మాత్రం మారేది కాదు. ఒక మనిషిని చంపితే చంపింది ఎవరన్నది ఒక లెక్క, కేసులో ఎవరి పేర్లు రాయాలన్నది ఇంకొక లెక్క. ఆ రెండో లెక్క పెద్దల వాకిళ్లలో కూర్చుని తేల్చేవాళ్లు. ముద్దనూరు దోవలో ఒక పొద్దున ఎదుటి వర్గం మనిషిని నరికి చంపారు. మా పెద్దాయన అన్న కొడుకు పేరు బయటికొచ్చింది. ఎదుటి వర్గం మెడ మీద కూడా పాత కేసు ఒకటి వేలాడుతోంది. దానికీ దీనికీ చెల్లు అన్నారు. పోలీసులకు ఎవరో ఒకరిని చూపించాలి గనక అన్న కొడుకు పేరు తీసేసి, ఆ జాగాలో మా నాయన ఓబులేసు పేరు పెట్టారు.

మా నాయన గొర్లు కాసుకునే మనిషి. ఆ పొద్దున ఆయన మైలవరం డ్యాం కట్ట మీద మందతో ఉన్నాడు. నేనే సంగటి మూట కట్టి పంపాను. అత్తగారింట్లో ఇమడలేక చంకన కూతురితో పుట్టింటికి వచ్చేసి అప్పటికి ఏడాది. పెద్దాయన బీళ్లలోనే మా గొర్లు మేసేవి గనక ఆయన పిలిచి చెప్తే కాదనే తలకాయ మా ఇంట్లో లేదు. మూడు నెలలు జైలులో ఉంటే చాలన్నారు. ఎన్నికల్లో మన ప్రభుత్వం వస్తుంది, కేసు ఎత్తేస్తారు అన్నారు. మా ఊళ్లో అందరూ దాన్ని నమ్మేవాళ్లు. ప్రభుత్వం మారితే వాన పడ్డట్టు కేసులు కొట్టుకుపోతాయని. నాయన గొంగడి మడిచి భుజాన వేసుకుంటుంటే, నువ్వు కట్ట మీద ఉన్నావని చెప్పొచ్చు కదా అని అడిగాను. "ఎవురు జూసినారు మే?" అని మొహం తిప్పుకున్నాడు. చూసినవాళ్లు లేకనే అట్లా అన్నాడనుకున్నాను.

మూడు నెలల మాట మూడేళ్లయినా తేలలేదు. యావజ్జీవం పడింది. మొదట్లోనే, నాయన జైలుకు పోయిన రెండో నెలలో, సామేలు మేస్త్రి మా గడప ముందర సైకిలు ఆపాడు. అంతకు ముందు మా ఇంటికి ఎన్నడూ వచ్చిన మనిషి కాదు. మా ఇళ్లలో ఆయన కులం వాళ్లకు నీళ్లు ఇవ్వాలంటే దోసిట్లోకి ఎత్తి పోసేవాళ్లు. అరుగు కూడా ఎక్కకుండా నిలబడి, "పనికి వస్తావా పాపా?" అని అడిగాడు. గొర్లు ఒక్కొక్కటే పోయి పాక ఖాళీ అయ్యింది. వస్తానన్నాను. ఆడవాళ్లంటే సిమెంటు మాలు మోయడానికే గదా అనుకుని పోతే, ఆయన వారం తిరక్కుండా నా చేతికి తాపీ ఇచ్చాడు. ఊరంతా నవ్వింది. గొల్లోళ్ల పిల్ల సామేలు కాడ బండలకు మొక్కుతాండాది అని ఒకామె బోరింగు దగ్గర అందరికీ వినపడేట్టు అంది. మోకాళ్ల మీద కూర్చుని చేసే పని కదా మరి. ఆ ఎకసెక్కం మేస్త్రి చెవిన కూడా పడింది. మరుసటి రోజు నాకు మోకాళ్ల కింద వేసుకోను గోనెసంచి దిండు ఒకటి కుట్టుకొచ్చాడు.

ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగడాయన ఇంట్లో నేను సొంతంగా పరిచిన మొదటి వరస తప్పింది. ఒక్క బండ మీద నీళ్లు నిలిచాయి. గుడ్డతో తుడిచేస్తే పోతుంది కదా అన్నాను. మేస్త్రి ఆ బండను, దాని చుట్టూ ఉన్న ఎనిమిదింటినీ నా చేతనే పెకలించి మళ్లీ వేయించాడు. ఏడుపొచ్చింది, తిట్టుకున్నాను కూడా. ఆయన పక్కనే కూర్చుని సందుల్లో సిమెంటు పాలు పోస్తూ, నిలిచిన నీళ్లు నిలిచినట్టే ఉంటాయని, ఇంటివాళ్లు అలవాటుపడి మరిచిపోతారు గానీ పరిచినోడు మరువలేడని మెల్లగా చెప్పాడు. నాకు చాదస్తంగా తోచింది.

ఆయనకు గ్రీకు భాషలో ఒకే ఒక మాట వచ్చు. జమ్మలమడుగులో ఒక చర్చి వసారాకు బండలు పరుస్తున్నప్పుడు ఆ మాటను నేను మొదటిసారి విన్నాను. అక్కడి అయ్యగారు ముసలాయన, ఆ భాష చదివినవాడు. మధ్యాహ్నం బువ్వ తిని నీడన కూర్చున్నప్పుడు మేస్త్రి ఆయన్ను, ఆ మాట ఈ పాపకు చెప్పండయ్యా అని అడిగాడు. అప్పటికి ఎన్నిసార్లు అడిగి చెప్పించుకున్నాడో, అయ్యగారు నవ్వి మొదలుపెట్టాడు. లితోస్త్రోతోన్. లితోస్ అంటే రాయి. స్త్రోతోస్ అంటే పరిచింది. రెండూ కలిస్తే బండలు పరిచిన చోటు. గ్రీకు దేశంలో రాజుల ఇళ్లలో, కోవెళ్లలో రాళ్లు పరిచిన నేలకు ఆ పేరు ఉండేదట. రోమా వాళ్లకు నచ్చి దాన్ని తమ భాషలో కూడా కలిపేసుకున్నారట. బైబిలు కొత్త భాగమంతా వెదికినా ఆ మాట ఒక్కచోటే వస్తుందని, అక్కడ అది ఒక జాగా పేరని చెప్పాడు. ఏసును విచారించిన అధికారి న్యాయపీఠం వేసుకుని కూర్చున్న జాగా. అక్కడి జనం తమ భాషలో దాన్ని గబ్బతా అనేవాళ్లట. దానికి బండలతో సంబంధం లేదు, ఎత్తైన చోటని కొందరు పండితులంటారు, ఎవరికీ రూఢిగా తెలియదు అన్నాడు.

తర్వాత ఒక పాత పుస్తకంలో బొమ్మ చూపించాడు. యెరూషలేములో తవ్వితే బయటపడిన బండలు. వాటి మీద సిపాయిలు ఆడుకోను గీసుకున్న గీతలు ఉన్నాయి, మన పులీమేక గీతల మాదిరే. ఇవే ఆ బండలని చాలాకాలం అనుకున్నారని, తర్వాత వచ్చిన పండితులు ఇవి ఇంకా తర్వాతి కాలానివని తేల్చారని చెప్పాడు. మేస్త్రి బొమ్మను కళ్లకు దగ్గరగా పెట్టుకుని సందులు చూశాడు, వరసలు చూశాడు.

"ఆడ కూచున్నోనికి తెలుసు గదయ్యా, ఆ మనిషి తప్పు చేయలేదని" అన్నాడు.

"తెలుసు. తెలిసే అప్పగించినాడు."

"ఆ బండలు పరిచినోడు ఎవురని ఏమన్నా రాసినారా?"

అయ్యగారు నవ్వాడు. పరిచినవాడి పేరు ఎవరు రాస్తారు సామేలూ, వాడికేం పాపం, వాడు పని చేసుకుని పోయాడు అన్నాడు. మేస్త్రి పుస్తకం మూసి ఆయన చేతికిచ్చి, లేచి పోయి కొయ్య సుత్తి అందుకున్నాడు. ఆ సాయంత్రం పరిచిన బండలన్నిటి మీదా నీళ్లు పోసి చూశాడు. ఎప్పుడూ చేసే పనే కదా, నేను తేడా గమనించలేదు.

రెండు నెలలకొకసారి కడప జైలుకు ములాఖత్‌కు పోయేదాన్ని. నేను పోయిన ప్రతిసారీ మేస్త్రి కూడా బస్సెక్కేవాడు. తన సంచిలో నాయనకు వేయించిన శనక్కాయలు, బీడీ కట్టలు తెచ్చేవాడు. అవి నా చేతికిచ్చి తాను గేటు బయట టీ అంగడి బల్ల మీద కూర్చునేవాడు. ఎన్నిసార్లు రమ్మన్నా లోపలికి రాలేదు. జైలంటే భయమేమో పాపం అనుకున్నాను. నాయన జాలీ అవతల నుంచి మొట్టమొదట అడిగేది కూతురి గురించి, రెండోది మేస్త్రి గురించి. ఒకసారి నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంత దూరం వచ్చి లోపలికి రాడు, ఆయన గురించి ఎందుకు అడుగుతావు అన్నాను. నాయన జాలీలోంచి వేళ్లు బయటపెట్టి నా చేతిని ముట్టుకున్నాడు.

"పని బాగ నేర్పిస్తాండాడు గదా మే. నేర్చుకో. ఆయప్పను ఒక మాట అనాకు."

ఎన్నికలు వచ్చాయి, అనుకున్నట్టే ప్రభుత్వం మారింది. మా ఊళ్లో టపాసులు కాల్చారు. కొందరి కేసులు నిజంగానే కొట్టుకుపోయాయి. కేసులు ఎత్తేసిన ఏ కాగితంలోనూ నాయన పేరు రాలేదు. పెద్దాయన ఇంటి ముందర రెండు రోజులు నిలబడితే, చూస్తాం లే పాపా అన్నాడు. ఏడో ఏట నాయనకు ఊపిరితిత్తులు చెడ్డాయి. కడప నుంచి శవాన్ని తెచ్చుకున్నాం. జైలువాళ్లు ఇచ్చిన గొంగడి మడిచిపెట్టినట్టే ఉంది, నాయనను పూడ్చి వచ్చి దాన్ని దండెం మీద వేశాను.

దినం అయిన మరుసటి రోజు మేస్త్రి కట్ట మీదికి రమ్మని కబురు పెట్టాడు. పోయాను. డ్యాంలో నీళ్లు అడుగంటి ఉన్నాయి. చేపలు పట్టేవాళ్ల పుట్టి ఒకటి బురదలో బోర్లించి ఉంది. కట్ట మీద ఒక రాయి చూపించి, ఆ పొద్దున మీ నాయన ఈడ కూచోనుండె అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. జమ్మలమడుగు నుంచి సైకిలు మీద పెద్దాయన ఇంటి పనికి పోతూ ఆయన రోజూ ఆ కట్ట మీదుగానే వచ్చేవాడు. ఆ పొద్దున చైను ఊడితే నాయన చేయి వేసి సరిచేశాడు. మేక పాలు పిండి ఇచ్చాడు. దోసిట్లో పోయలేదు, తన చెంబే చేతికిచ్చాడు. ముద్దనూరు దోవలో మనిషి పడిపోయిన వేళకు వాళ్లిద్దరూ ఆ కట్ట మీద కూర్చుని వానల గురించి మాట్లాడుకుంటున్నారు.

నాలుగు రోజులకు పెద్దాయన వాకిట్లో రెండు వర్గాల పెద్దమనుషులూ కూర్చున్నారు. మేస్త్రి మెట్ల పక్కన చివరి వరస పరుస్తున్నాడు. నాయన పేరు తేల్చుకున్నాక ఒకాయన ఆయన వైపు తిరిగి, నువ్వు రోజూ కట్ట మీదనే గదా వచ్చేది, ఓబులేసు ఆపొద్దు ఆడ కనపడినాడా అని అడిగాడు. మేస్త్రి నోరు తెరిచేలోపల పెద్దాయన శాంతంగా ఇంకో మాట అడిగాడు. జయరాజు ఆటో యా దోవన తిప్పుతాండాడు ఇప్పుడు అని. జయరాజు మేస్త్రికి ఒక్కగానొక్క కొడుకు.

"ల్యా అప్పా, కనపల్యా అని చెప్పినా పాపా. చెప్పి ఆ బండ దించినా. నీళ్లు పొయ్యలేదు. నా జనమలో నీళ్లు పొయ్యకుండా లేచొచ్చిన బండ అదొక్కటే."

నేను నమ్మలేదు. నమ్మాక ఒళ్లంతా మండిపోయింది. ఏడేళ్లు ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను, ఆయన తెచ్చిన సంగటి తిన్నాను. నాయనకు తెలుసా అని అడిగాను. తెలుసు, నీకు చెప్పొద్దని మీ నాయనే కబురు పంపినాడు అన్నాడు. నాకు పని నేర్పమని కూడా అప్పుడే అడిగినాడట. నా చేతి సంచిలో ఉన్న తాపీ తీసి ఆయన కాళ్ల ముందర పడేశాను. ఇంక నా మొహం చూడొద్దని అరిచాను. ఆయన వంగి తాపీ తీసుకుని మట్టి తుడిచాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు వేరే మేస్త్రుల దగ్గర పని చేశాను. ఆయన ఎదురైతే పక్క సందులోకి తిరిగేదాన్ని. ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం, చర్చికి వేసుకునే తెల్ల చొక్కాతోనే మా వాకిట్లోకి వచ్చాడు. నేను చాటలో బియ్యం చెరుగుతున్నాను. ఆ పొద్దున పెద్దాయన ఇంట్లో పంచాయితీ ఉంటే అక్కడికి పోయాడట. తాను పరిచిన బండల మధ్యలో నిలబడి, ఓబులేసు ఆపొద్దు కట్ట మీద ఉన్న్యాడు, నేను జూసినా, ల్యా అని అబద్ధం చెప్పినా అని అందరి ముందరా చెప్పాడట. కొడతారని, చంపుతారని అనుకునే పోయాడు. జయరాజును ముందు రోజే బెంగుళూరు బస్సెక్కించాడు. ఎవరూ కొట్టలేదు. పెద్దాయన తల కూడా ఎత్తలేదట. ముసలోనికి ఎండ ఎక్కువైంది, మజ్జిగియ్యండి అన్నాడట. ఒకాయన నవ్వి, ఓబులేసు పాయ, కేసు పాయ, ఇప్పుడు చెప్తే ఎవురికి లాభం సామేలూ అని అడిగాడట.

"చెప్పినా పాపా" అన్నాడు. ఇంకాసేపు నిలబడి, "పనికి వస్తావా?" అని అడిగాడు.

ఏడేళ్ల కిందట మా గడప ముందర అడిగిన మాటే. నాకు వస్తానని అనాలనిపించింది. నిజం చెప్తున్నాను, నోటి దాకా వచ్చింది. కానీ నాయన గొంగడి దండెం మీద ఇంకా వేలాడుతోంది. చాట ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. సైకిలు స్టాండు తీసిన చప్పుడు చాలాసేపటికి గానీ వినపడలేదు. ఆ ఎండలో అంతసేపు నిలబడే ఉన్నాడు.

రెండు నెలలకు పోయాడు. గుండె అన్నారు. జయరాజు వచ్చి ఆయన సంచి నాకిచ్చి పోయాడు. తువ్వాలలో చుట్టిన రసమట్టం, కొయ్య సుత్తి, నేను పడేసిన తాపీ అందులో ఉన్నాయి. మా నాయన ఇది నీకియ్యమన్న్యాడు అక్కా, ఇంకేం చెప్పలేదు అన్నాడు. నేను ఆయన్ను పూడ్చే చోటికి పోలేదు. దానికి ఈ రోజుకీ ఏడుస్తాను. ఆయన్ను క్షమించావా అని నా కూతురు అడుగుతుంది. నాకు తెలియదు. నాయనను తలుచుకుంటే క్షమించలేను. ఆయన్ను తలుచుకుంటే నన్ను నేను క్షమించుకోలేను. ఒక్క మాట అంటే బతికిపోయే మనిషి ముందర నోరు మూసుకోవడం ఎంత సులువో నాకు ఆ చాటతో తెలిసింది.

పోయిన నెల మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి లేచేసరికి పెద్దాయన మనవడు ఫోను చూసుకుంటూ వచ్చాడు. పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. ఈ పిల్లవాడు పుట్టేనాటికే ఊళ్లో వర్గాల జీపుల చప్పుడు తగ్గింది. మంచి పిల్లవాడే. పని అంతా ఇంత చక్కగా ఉంది, ఈ ఒక్క బండ కాడ నీళ్లు నిలుస్తాయి ఎందుకత్తా అని అడిగాడు. చిన్నప్పటి నుంచి అక్కడ జారి పడుతూనే ఉన్నాడట. తర్వాత మామూలుగా, ఏదో మాట కోసం అడిగినట్టు అడిగాడు.

"ఎవురు పరిచినారు ఈ బండలు?"

ఆ ప్రశ్న నేను ఇంతకు ముందు ఒకసారి విన్నాను. అప్పుడు జవాబు చెప్పినవాళ్లు లేరు. గట్టిగానే చెప్పాను, లోపల ఉన్న ఆడవాళ్లకు కూడా వినపడేట్టు.

"సామేలు మేస్త్రి పరిచినాడు నాయనా. మా నాయన పేరు ఓబులేసు. ఆ మనిషి చచ్చిన పొద్దు మా నాయన మైలవరం కట్ట మీద ఉన్న్యాడు. సామేలు మేస్త్రి జూసినాడు."

పిల్లవాడికి ఏమీ అర్థం కాలేదు. ఏ మనిషి అత్తా అని అడగబోయాడు, ఫోను మోగింది, మాట్లాడుకుంటూ లోపలికి పోయాడు. నేను మోకాళ్ల కింద గోనె దిండు వేసుకుని ఆ బండను నా చేతులతోనే లేపాను. పగలకుండా వచ్చింది. ఇప్పుడు అది మా ఇంటి గడప ముందర ఉంది, ఆయన నిలబడిన చోట. నీళ్లు పోసి, మట్టం సరిచేసి వేశాను. చుక్క నిలవదు. పొద్దున్నే దాన్ని కడిగినప్పుడల్లా ఆ వాసన లేస్తుంది. "పనికి వస్తా మేస్త్రీ, పద" అంటాను పైకే. నా కూతురు లోపల్నుంచి ఎవరమ్మా అని అడుగుతుంది.